కొల్లేరు ఎండల్లో ఓవర్‌క్లాకింగ్: కూలర్ మార్చే ముందు వోల్టేజ్ తగ్గించండి

ఏప్రిల్ వచ్చిందంటే డెస్క్‌టాప్ ఉన్న కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, గేమ్ పెట్టిన ఐదు నిమిషాలకే ప్రాసెసర్ 95 కొట్టేస్తోంది. ఏ లిక్విడ్ కూలర్ కొనమంటావ్?" కైకలూరు నుంచి అడిగినా, తాడేపల్లిగూడెం నుంచి అడిగినా నా జవాబు మారదు. డబ్బులు జేబులోనే ఉంచు, ముందు బయోస్‌లోకి వెళ్లు.

సూటిగా చెప్తాను. ఏసీ లేని గదిలో, మన కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో, ఏడాది పొడవునా ఓవర్‌క్లాక్ పెట్టి ఉంచడం దండగ. దానికి బదులు వోల్టేజ్ తగ్గిస్తే మెషీన్ చల్లబడుతుంది, వేగం దాదాపు అలాగే ఉంటుంది.

రివ్యూ గది వేరు, మన గది వేరు

మనం చూసే కూలర్ రివ్యూలు చాలావరకు ఏసీ గదుల్లో చేసినవే. ఎయిర్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలిలోకి పంపడమే. గది కంటే చల్లగా చేయడం దాని వల్ల కాదు. అందుకే గదికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా ఎంతో చూడాలి. ఫుల్ లోడ్‌లో ఆ తేడా 60 డిగ్రీలు అనుకోండి. 22 డిగ్రీల గదిలో రీడింగ్ 82. అదే సెటప్ మే మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 98కి పోవాలి. కానీ రైజెన్ 5 5600ఎక్స్ లిమిట్ 95. అది తగలగానే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. మీరు పెంచిన మెగాహెర్ట్జ్ కాస్తా అక్కడే ఆవిరి.

పీసీ పక్కన నీళ్ల కూలర్ పెట్టే ఐడియా కూడా వద్దు. అది పొడి గాలిలోనే బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాలిలో తేమ అసలే ఎక్కువ. చల్లదనం కొంచెం, మదర్‌బోర్డుకి చెమ్మ బోలెడు.

ఆ 200 మెగాహెర్ట్జ్ ఖరీదెంత?

ప్రాసెసర్ వాడే పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు సమానంగా పెరుగుతుంది. వోల్టేజ్ పెంచితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకి 1.25 వోల్టుల దగ్గర 4.6 గిగాహెర్ట్జ్‌లో నడిచే చిప్‌ని 1.35 వోల్టులిచ్చి 4.8కి తెచ్చారనుకోండి. వేగం 4 శాతం పెరిగింది, వేడి దాదాపు 22 శాతం పెరిగింది. గేమ్‌లో 100 ఎఫ్‌పీఎస్ వస్తుంటే మహా అయితే 104. గ్రాఫిక్స్ కార్డే వెనకబడి ఉంటే అదీ రాదు.

మన చేపల రైతుకి ఈ లెక్క బాగా తెలుసు. మబ్బు పట్టి చెరువులో ఆక్సిజన్ పడిపోయిన రోజు ఆయన మేత తగ్గిస్తాడు తప్ప పెంచడు.

ఒకప్పుడు కథ వేరు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ చిప్‌ని చాలామంది 450 మెగాహెర్ట్జ్ దాకా లాగారు. అంటే 50 శాతం ఫ్రీ. ఇప్పుడు ఆ మిగులును కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే పిండేసుకుంటున్నాయి. రైజెన్ 7000 సిరీస్‌ని ఏఎండీ 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే డిజైన్ చేసింది. ఎక్కువ వోల్టేజ్ ఏం చేస్తుందో 13, 14 తరం ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు చూపించాయి. మైక్రోకోడ్ లోపం వల్ల చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోందని 2024 జులైలో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో ప్యాచ్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఓవర్‌క్లాక్ చేసి మీరు చిప్ పాడుచేసుకుంటే ఆ వారంటీ మీకు పనికిరాదు.

తప్పెక్కడుందో ఇలా పట్టుకోండి

1. గదిలో టెంపరేచర్ రాసుకోండి. బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేసి, సినీబెంచ్‌ని పది నిమిషాలు నడపండి.

2. లోడ్ పడిన ఒకట్రెండు సెకన్లలోనే 95కి ఎగిరితే కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదనో, పంప్ తిరగడం లేదనో అనుమానించండి. కింద ప్లాస్టిక్ ఫిల్మ్ అలాగే ఉండిపోయిందేమో, స్క్రూలు ఒకవైపే బిగిశాయేమో, పేస్ట్ ఎండిపోయిందేమో చూడండి.

3. పది నిమిషాల్లో మెల్లగా ఎక్కితే కేబినెట్‌లో గాలి ఆడటం లేదు. పక్క ప్యానెల్ తీసి మళ్లీ నడపండి. బాగా తగ్గిందంటే తప్పు కూలర్‌ది కాదు, ఫ్యాన్లది, ఫిల్టర్లది. మన దగ్గర దుమ్ము తేమతో కలిసి ఫిన్ల మధ్య అట్టకడుతుంది. పవర్ తీసేసి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి.

4. డిఫాల్ట్‌లో అంతా బాగుంటే దోషి మీ ఓవర్‌క్లాకే. రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్‌లలో కర్వ్ ఆప్టిమైజర్‌ని నెగెటివ్ 10తో మొదలుపెట్టి అంచెలంచెలుగా దించండి. ఇంటెల్‌లో వోల్టేజ్ ఆఫ్‌సెట్ ఇవ్వండి. అది లాక్ అయి ఉంటే పవర్ లిమిట్ తగ్గించండి. ప్రతి అంచెలో ఒకట్రెండు రోజులు మామూలుగా వాడి చూడండి. మరీ దించితే ఖాళీగా ఉన్నప్పుడు కూడా రీస్టార్ట్ అవుతుంది.

మరి ఓవర్‌క్లాకింగే వద్దా?

అలా అనడం లేదు. చిప్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. బయోస్‌లో రెండు ప్రొఫైల్స్ పెట్టుకోండి. డిసెంబర్ రాత్రి ఫ్రెండ్స్‌తో బెంచ్‌మార్క్ పందేలకి ఒకటి, వేసవికి ఇంకొకటి.

మన ఊళ్లలో చాలా ఇళ్లకి పీసీ అంటే గేమింగ్ బొమ్మ ఒక్కటే కాదు. ఒకడు దాని మీదే కోడింగ్ నేర్చుకుంటాడు, ఇంకొకడు దాని మీదే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇంటికి నాలుగు రూపాయలు తెస్తాడు. సరిగ్గా వైశాఖం పెళ్లిళ్లు, మే ఎండలు ఒకేసారి వస్తాయి. రెండరింగ్ సగంలో మెషీన్ ఆగిపోయిందని చెప్తే పెళ్లివాళ్లు ఊరుకోరు. స్క్రీన్‌షాట్‌లో కనిపించే 4.8 కంటే, మధ్యాహ్నం మూడింటికి కూడా తడబడకుండా నిలబడే 4.5 గొప్పది. నేనైతే దానికే ఓటేస్తాను.