కంప్యూటర్ చెడిపోతే సెలవెవరికి?

2025 మే నెల. ప్రొద్దుటూరులో మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన నా ల్యాప్‌టాప్ మూడోసారి కళ్లు తెరవలేదు. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఆస్పత్రి బిల్లులు సరిచూసి పంపే పని నాది. ఇంటినుంచే. సాయంత్రం ఆరులోగా ఇంకా నలభై ఫైళ్లు పంపాలి.

నేను బటన్ నొక్కుతూ కూర్చున్నాను. అరగంట తిరక్కుండానే మా అత్తమ్మ మామిడికాయల గంప తెచ్చి నా ముందు పెట్టింది. "ఎట్లా ఖాళీగానే ఉండావు గదా పాపా, ఈ పొద్దే ముక్కలు కొట్టేద్దాం" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎవరైనా ఖాళీ ఇచ్చారా, నాకివ్వడానికి? కానీ ఆ అరగంట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చెడిపోయింది కంప్యూటర్, ఉద్యోగం కాదు. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకటే. తెర వెలిగినంతసేపు నేను ఉద్యోగిని, ఆరిపోగానే కోడల్ని. అంతకు ముందు నెల మా ఆయన మోటార్‌సైకిల్ మూడ్రోజులు షెడ్డులో ఉంది. ఆయన్నెవరూ మిరపకాయలు తొడిమలు తియ్యమనలేదు.

మేనేజరు కూడా ఆడమనిషే. మర్యాదగానే చెప్పింది: యంత్రం మీది కాబట్టి బాధ్యత కూడా మీదే, పని చెయ్యని రోజులకు జీతం రాదు. రిపేరు షాపులో అడిగింది నేను, జవాబు చెప్పింది మా ఆయనకు. "బోర్డు పోయిందన్నా, హైదరాబాదు నుంచి రావాల, వారం పడుతుంది." ఆ యంత్రం మీద ఆరేళ్లు పనిచేసిన మనిషి పక్కనే నిలబడి ఉంది.

నెట్ సెంటర్‌కి పోవచ్చు కదా అంటారు. రోగుల వివరాలున్న కాగితాలు నలుగురు కూర్చునే చోట తెరవకూడదు. అది న్యాయమైన నియమమే. చివరికి పులివెందులలో ఉన్న నా స్నేహితురాలు గుర్తొచ్చింది. అక్కడి జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజనీరింగు చదివింది. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసింది. ల్యాప్‌టాప్ బీరువాలో చీరల కింద ఉంది. "మా ఆయన్నడిగి చెప్తానే" అంది. వాళ్ల నాన్న కొనిచ్చిన యంత్రం, ఆమె చదువు కోసం కొన్నది! అనుమతి రావడానికి రెండ్రోజులు పట్టింది. బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. (ఆడవాళ్లకు ఉచిత బస్సు ఆగస్టు 15న గానీ రాలేదు.) ఇంటికొస్తే మళ్లీ గంపలే కదా అని జమ్మలమడుగులో మా అమ్మ దగ్గర దిగిపోయాను.

మాది మగ్గం ఇల్లు. నాన్న గుంత మగ్గం మీద నేసేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. వానాకాలం గుంతలోకి చెమ్మ ఊరితే పని ఆగిపోయేది. నూలిచ్చే సావుకారి ఆ రోజులకు పైసా ఇచ్చేవాడు కాదు. మగ్గం మీది, ఇల్లు మీది, వాన దేవుడిది. నా సంగతి విని అమ్మ నవ్వింది. "మీ నాయనకు ఆ పొద్దుల్లో కూలి పోయేది. నాకు పోయేదానికి కూలెప్పుడుండేది?" అంది. నిజమే. ఆమె చుట్టిన కండెలన్నీ నాన్న చీర కూలిలోనే కలిసిపోయాయి. 2019లో మొదలైన నేతన్న నేస్తం పథకం మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది. కుటుంబానికి ఒకటే లెక్క. కండె చుట్టిన చేతికి వేరే లెక్క లేదు.

2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రి ఇంటినుంచి పనిని పెద్ద ఎత్తున, ముఖ్యంగా మహిళల కోసం, తెస్తామని ప్రకటించారు. సంతోషం. కానీ ఆ "ముఖ్యంగా మహిళల కోసం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంటినుంచి పని మగవాళ్లకు సౌకర్యం, ఆడవాళ్లకు పరిష్కారం ఎందుకయింది? ఇల్లు ఎటూ మనదే కాబట్టి! కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఈ 289 నిమిషాల్ని కదిలించకుండా దానిమీద ఎనిమిది గంటల ఉద్యోగం పేరుస్తామంటే, అది ఎవరికి పరిష్కారం?

చట్టం చూద్దామా? గృహాధారిత కార్మికులంటే ఎవరో 2008 అసంఘటిత కార్మికుల చట్టం చెప్పింది. పరికరాలు యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్లు కార్మికులేనంది. 2020 సాంఘిక భద్రతా స్మృతి కూడా ఆ మాటే తిరిగి రాసుకుంది. గుర్తింపు బాగుంది. పరికరం చెడితే ఖర్చెవరిది, ఆ రోజుల కూలెవరిదన్న సంగతి మాత్రం ఆ నిర్వచనం పట్టించుకోదు. గృహాధారిత కార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఆమోదించనే లేదు.

అసలు ఉద్యోగమే లేనిదానికంటే ఇది నయం కదా అని మనలోనే కొందరంటారు. నేనూ అలా అనుకునే ఆరేళ్లు చేశాను. కంపెనీ అద్దె మిగిలింది, కరెంటు బిల్లు మిగిలింది, కుర్చీ మిగిలింది, యంత్రం మిగిలింది. అవన్నీ మిగిల్చింది నా జీతమే. ముఖ్యమంత్రి మాటల్లో ఊళ్లలో కో-వర్కింగ్ కేంద్రాల ప్రస్తావన కూడా ఉంది. నన్నడిగితే ఆ ప్రకటనలో పనికొచ్చేది అదే. ప్రొద్దుటూరులో తలుపు వేసుకోగలిగిన ఒక గది, నాలుగు పనిచేసే యంత్రాలు ఉండి ఉంటే నేను తొమ్మిది రోజులు మూడు ఊళ్లు తిరిగేదాన్ని కాదు.

పదో రోజు నా ల్యాప్‌టాప్ తిరిగొచ్చింది. 7,800 రూపాయలు. పోయిన జీతం దీనికి అదనం. షాపతను బిల్లు మా ఆయన పేరున రాశాడు. వెనక్కి వెళ్లి నా పేరున రాయించుకుని, సగమైనా మీరు భరించాలని ఉత్తరం జతచేసి కంపెనీకి పంపాను. జవాబు రాలేదు. ఈ నెల మళ్లీ పంపుతున్నాను, ఈసారి ఇంకో ఆరుగురి బిల్లులతో కలిపి.