పాత రంపం కొనేటప్పుడు పళ్ళే కాదు, బ్రేకు చూడాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చెట్టు కూలితే రైతుకు నష్టం ఒక్కటి కాదు, రెండు. పంట పోవడం మొదటిది. కూలిన మానును కోసి, తొలగించి, నేలను మళ్ళీ మొక్కకు సిద్ధం చేయడానికి పెట్టుకోవలసిన ఖర్చు రెండోది. నష్టం లెక్క రాసే అధికారులకు మొదటిది కనిపించినంతగా రెండోది కనిపించదు. గొడ్డలితో ఒక మాను నరికేలోగా పొద్దు వాలుతుంది. మిషను రంపం నిమిషాల్లో తెగ్గోస్తుంది. కనుక ఆపద వచ్చిన రోజున మిషను ఎవరి చేతిలో ఉంటే రేటు వారిదే.

ఈ బాధ తుపాను నాటిదే కాదు. సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసిన రైతు కూడా కోత ఖర్చు దగ్గరే నలిగిపోతున్నాడు. అందుకే నలుగురు చిన్నరైతులో, ఒక కోత ముఠాయో కలిసి సొంతంగా మిషను కొనుక్కోవాలనుకోవడం న్యాయమైన కోరిక. కానీ పేరున్న కంపెనీ కొత్త మిషను పదుల వేలల్లో ఉంటుంది. చవగ్గా దొరికే ఊరూ పేరూ లేని సరుకుకు రేపు విడిభాగం దొరుకుతుందన్న భరోసా లేదు. ఇక మిగిలిన దారి పాత మిషను. ఈ దారి తప్పేమీ కాదు. అయితే కళ్ళు తెరుచుకుని నడవాలి.

అసలు ఈ రంపం చరిత్రలో శ్రామికుడి పాలు తక్కువేమీ కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం తయారుచేశాడు. తొలినాటి మిషన్లు ఇద్దరు మనుషులు మోయవలసినంత బరువు. 1959లో వచ్చిన కాంట్రా రకం 12 కిలోలకు దిగింది. ఇక నేటి గొలుసు పన్నుకు మూలం అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో చెట్లు కొట్టుకు బతికిన జోసెఫ్ కాక్స్. కర్రను తొలిచే పురుగు దవడలు అటూ ఇటూ ఎలా కోస్తున్నాయో గమనించి 1947లో ఆయన కొత్తరకం గొలుసు తెచ్చాడు. ఆ మెదడు చెట్టు కొట్టేవాడిది.

విదేశాల్లో ఇలాంటి పాత రంపాలను సరదా కోసం కొని, తళతళలాడేట్టు తుడిచి బీరువాలో పెట్టుకునేవాళ్ళున్నారు. మనకు అంత తీరిక లేదు. మన రంపం తెల్లారేసరికి తోటలో ఉండాలి. అందుకని అమ్మేవాడి మాట వినడం కాదు, మిషను మాట వినాలి.

మొదట స్టార్టు తాడు పట్టుకుని మిషనును మెల్లగా పైకి లేపి చూడండి. తన బరువుకు ఆగి ఆగి దిగితే సిలిండరులో ఒత్తిడి ఉన్నట్టు. చరచరా జారిపోతే లోపల అరిగినట్టు. తర్వాత సైలెన్సరు విప్పించి ఆ రంధ్రంలోంచి పిస్టనును చూడాలి. నునుపుగా ఉంటే సరే. నిలువు గీతలు పడితే నూనె లేని పెట్రోలు పోసి పట్టేసిన మిషను అది. విప్పనివ్వనన్నవాడి దగ్గర బేరమే వద్దు. రంగు చూసి కొంటే ఆనక రంపపు కోత మనకే!

చిన్న మరమ్మతులకు జడిసి మంచి మిషనును వదులుకోనవసరం లేదు. ఏళ్ళ తరబడి మూలపడ్డ దానికి పెట్రోలు గొట్టం పెళుసెక్కుతుంది, కార్బురేటరులో పలచటి పొర బిగుసుకుపోతుంది. ఇవి మార్చుకోవచ్చు. క్రాంకు సీళ్ళు తప్పక చూపించాలి. అవి ఎండిపోతే దొంగగాలి లోపలికి పోయి, పెట్రోలు పలచబడి, మిషను వేడెక్కి పట్టేస్తుంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరుకు అది గిట్టదు, తేమను కూడా పీలుస్తుంది. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయడం మంచిది. లీటరు పెట్రోలులో 40 మిల్లీలీటర్ల నూనె కలిపితే ఒకటికి ఇరవై అయిదు పాళ్ళు, 20 కలిపితే ఒకటికి యాభై. ఏ పాళ్ళు కలపాలో మిషను రకాన్ని బట్టి అడిగి తెలుసుకోవాలి. పది రూపాయల నూనె దగ్గర పీనాసితనం చేస్తే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. గొలుసును మట్టికి తగలనివ్వకూడదు. ఉద్దానం ఇసకలో పడ్డ కొబ్బరి మాను కోసేటప్పుడు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

ఇంతవరకూ యంత్రం సంగతి. మనిషి సంగతి అంతకన్నా ముఖ్యం. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. పట్టీ కొస పైభాగం కొమ్మకు తగిలిందా, రంపం ఎగిరి మనిషి మీదికే వస్తుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. ఆ క్షణంలో గొలుసును ఆపే బ్రేకు 1970ల మొదట్లో గానీ రాలేదు. అంతకుముందు మిషన్లకు అది లేనే లేదు. తర్వాతి వాటికి ఉన్నా, విరిగితే పీకి పారేసి నడిపేవాళ్ళు ఉన్నారు. అదురును తగ్గించే రబ్బర్లు పోయిన మిషను ఏళ్ళపాటు పడితే వేళ్ళు తిమ్మిరెక్కి పాలిపోతాయి. కనుక బ్రేకు లేని రంపం ఎంత చవకయినా కొనవద్దు. ఉంటే దాన్ని చూసి ముచ్చటపడండి, తోటకు మాత్రం పంపకండి.

ఇక్కడే ఒక నిష్ఠూరపు మాట చెప్పక తప్పదు. మిషను రైతుది, చెయ్యి కూలీది. చవక రంపం కొని మిగిల్చిన డబ్బు రైతు జేబులో ఉంటుంది, తెగిన కాలు కూలీ ఇంట్లో ఉంటుంది. ఇనప టోపీ, కాళ్ళకు రక్షణ దుస్తులు, కళ్ళకు అద్దాలు రంపం ధరలో భాగమేనని లెక్క వేసుకోవాలి. అవి అడిగిన కూలీ సుకుమారి కాడు, తెలివైనవాడు. వ్యవసాయ కార్మికుడిని ప్రమాదంలోకి నెట్టి రైతాంగం బాగుపడిందేమీ లేదు.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది? వ్యవసాయ యాంత్రీకరణ పథకం సబ్సిడీ కొత్త మిషను కొనేవాడి వైపే చూస్తుంది. ఉన్నదాన్ని బాగు చేసుకునేవాడి గోడు వినదు. ఆ సొమ్ము చివరికి చేరేది కంపెనీకే. 2022 జులైలో మరమ్మతు హక్కుపై కేంద్రం కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాల ప్రస్తావన కూడా ఉంది. డిసెంబరులో పోర్టలూ తెరిచారు. పోర్టలు తెరిస్తే సీలు దొరుకుతుందా? అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, మరమ్మతు సమాచారం రైతులకు ఇవ్వాలని చట్టం చేసింది. పెట్టుబడిదారీ దేశంలోనే రైతులు పట్టుబట్టి సాధించుకున్నది ఇక్కడ అసాధ్యమెందుకవుతుంది?

విడిభాగాల సరఫరా కంపెనీల బాధ్యత కావాలి. ఐటీఐలలో పల్లె యువకులకు చిన్న ఇంజన్ల మరమ్మతు నేర్పాలి. సబ్సిడీ మరమ్మతులకూ, రక్షణ పరికరాలకూ వర్తించాలి. తుపాను తాకిడి ఉండే ప్రతి మండలంలో మంచి రంపాలు, శిక్షణ పొందిన ముఠాలు ముందే సిద్ధంగా ఉండాలి. రైతు సంఘాలూ వ్యవసాయ కార్మిక సంఘాలూ కలిసి ఈ కోర్కెలను పట్టుకోవాలి. వచ్చే తుపాను మన అర్జీ పరిష్కారమయ్యేదాకా ఆగదు.