ఇంటా – బయటా: “వాడే మాట్లాడతాడులే”

మన కాలనీ పార్కులో రెండున్నరేళ్ళ క్రితం మేము తరచుగా చూసిన దృశ్యమిది. పిల్లలంతా ఊయల కోసం పోటీపడుతుంటే, ఒక పసివాడు మాత్రం దూరంగా కూర్చుని, బొమ్మకారును తలక్రిందులు చేసి, దాని చక్రాన్నే తిప్పుతూ ఉండేవాడు. పేరు పెట్టి పిలిచినా తలెత్తేవాడు కాదు. ఇంట్లో కుక్కరు ఈల వేస్తే చెవులు మూసుకుని ఏడ్చేవాడట. రెండున్నరేళ్ళు వచ్చినా రెండు మాటలు కలిపి పలికింది లేదు.

ఆ తల్లి తన దిగులు చెప్పుకున్నప్పుడు “మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా, వాడే మాట్లాడతాడులే” అని ధైర్యం చెప్పినవారిలో మేమూ ఉన్నాము. మావంటి వారి మాటలు నమ్మి ఆ కుటుంబం ఒక విలువైన సంవత్సరాన్ని పోగొట్టుకున్నది. ఆ బాధతోనే ఈ నెల శీర్షికను వ్రాస్తున్నాము.

పిల్లలందరూ ఒకే విధంగా ఎదగరన్నది నిజమే. అయితే ఏడాది నిండినా పిలుపుకు స్పందించకపోవడం, ఏడాదిన్నరకైనా కావలసినది వేలితో చూపకపోవడం, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలపలేకపోవడం, అన్నింటికన్న ముఖ్యంగా వచ్చిన మాటలు మరచిపోవడం — వీటిలో ఏది కనిపించినా వేచి చూడరాదు. పిల్లల వైద్యునితో మాట్లాడి, ఎదుగుదల మదింపు చేయించమని కోరాలి.

మదింపు అనగానే భయపడనవసరం లేదు. మొదట వినికిడిని పరీక్షిస్తారు. చెవి వినపడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు కదా! తరువాత మనస్తత్వ నిపుణులు, వాక్చికిత్సకులు బిడ్డను ఆడించి గమనిస్తారు; తల్లిదండ్రులను వివరంగా ప్రశ్నిస్తారు. ఆటిజమును ఒక్క రక్తపరీక్షతోనో, స్కానింగుతోనో నిర్ధారించలేరు. కనుక ఇంట్లో మీరు గమనించిన విషయాలే వారికి ప్రధానమైన ఆధారము. వాటిని తేదీలతో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుని వెళ్ళండి. బదిలీల ఉద్యోగాలు మనవి. ఆ పుస్తకాన్ని, రిపోర్టులను ఒకే ఫైలులో భద్రపరిస్తే క్రొత్త ఊరిలో కథ మొదటి నుండి చెప్పుకోనక్కరలేదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లల ఎదుగుదల లోపాలను కూడా పరిశీలిస్తారు. దీని కొరకు జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలను ఏర్పాటు చేశారు. బుద్ధిమాంద్యం గల వారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాదులోనే ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజము కూడా ఒకటి.

ఇక ఇంటి పెద్దలకు ఒక మనవి. “కోడలు ఉద్యోగానికి వెళ్ళడం వల్లనే ఇలా అయింది” అనకండి. తల్లి పెంపకం వల్ల ఆటిజము వస్తుందన్న పాత వాదాన్ని వైద్యశాస్త్రం ఏనాడో త్రోసిపుచ్చింది. షిఫ్టు డ్యూటీలలో ఉండే తండ్రులకు మరొక మనవి. మదింపుకు మీరూ వెళ్ళండి. నిపుణుడు చెప్పినదంతా విని, ఇంటికి వచ్చి అందరికీ ఒప్పించి చెప్పవలసిన భారాన్ని ఆమె ఒక్కదానిపై మోపకండి.

ఆ బాబుకు ఇప్పుడు అయిదేళ్ళు. మూడున్నరేళ్ళకు మదింపు జరిగి, ఆటిజము ఉన్నదని తెలిసింది. వాక్చికిత్స కొనసాగుతున్నది. కష్టాలన్నీ తీరాయని మేము చెప్పము. కుక్కరు ఈలకు ఈనాటికీ చెవులు మూసుకుంటాడు. కాని మొన్న పార్కులో తల్లి కొంగు పట్టి లాగి “అమ్మా, నీళ్ళు” అన్నాడు. ఆమె మావైపు చూసింది. ఏడాది ముందే వినవలసిన మాట అది కావచ్చునేమో అనిపించి, మేము తల దించుకున్నాము.

మీ పొరుగున ఏ తల్లి అయినా ఇటువంటి దిగులు చెప్పుకుంటే, ధైర్యం చెప్పి పంపివేయకండి. వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి.