మద్దెల ఓడు కాదు, మోతే ఎక్కువ

అమెచ్యూర్ రేడియో అనగానే మైకు ముందు గొంతు చించుకునే మనిషో, టకటకమని మోర్స్ మీట నొక్కే చెయ్యో గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఎందరో హ్యామ్‌ల బల్ల మీద ఆ రెండూ కనిపించవు. ఒక రేడియో సెట్టు, ఒక కంప్యూటర్, రెంటినీ కలుపుతూ ఒక చిన్న పెట్టె. దాని పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. పని చేసినంతకాలం దాని ఊసే ఎవరికీ పట్టదు. మొరాయించిన రోజున మాత్రం నింద ఖరీదైన రేడియో మీద పడుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

పెట్టె చేసే పని సులువైనదే. రేడియోలో వినిపించే శబ్దాన్ని కంప్యూటర్ సౌండ్ కార్డుకు అందిస్తుంది. కంప్యూటర్ పుట్టించే స్వరాలను రేడియోకు చేరుస్తుంది. 1990ల చివర్లో బ్రిటన్ హ్యామ్ పీటర్ మార్టినెజ్ రూపొందించిన పీఎస్‌కే31తో ఈ పద్ధతి మామూలు సౌండ్ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ అందింది. 2017లో నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి తెచ్చిన ఎఫ్‌టీ8 మరో మెట్టు ఎక్కింది. రొదలో మునిగిపోయి చెవికి అందని సంకేతాన్ని కూడా ఇది చదివేస్తుంది.

ఇంత చెవి ఉన్న విధానానికి అరుపు పనికిరాదు. జవాబు రాకపోతే కొత్త హ్యామ్ మొట్టమొదట చేసేది వాల్యూమ్ పెంచడం. చిక్కంతా అక్కడే. రేడియో మైకు జాక్ కొన్ని మిల్లీవోల్టులకే సరిపోతుంది. సౌండ్ కార్డు నుంచి వచ్చేది దాదాపు ఒక వోల్టు. అంతా అందులోకి తోస్తే స్వరం వికృతమవుతుంది. 600 హెర్ట్జ్ దగ్గర పంపిన స్వరానికి 1,200 దగ్గర, 1,800 దగ్గర నకళ్లు పుడతాయి. ఒక్కో ఎఫ్‌టీ8 సంకేతానికి కావలసింది 50 హెర్ట్జ్ చోటే. సుమారు 3,000 హెర్ట్జ్ ఇరుకు సందులో పదుల మంది సర్దుకుంటారు. అందులో ఒక్కరు అరిస్తే మిగతావారి మాట పోతుంది. అరిచినవారి మాట కూడా అవతల అర్థం కాదు.

విరుగుడు చవకే. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 100 ఓమ్‌లది మరొకటి జత చేస్తే వోల్టేజీ వందో వంతుకు దిగుతుంది. ఆపైన, రేడియోలో ఏఎల్‌సీ ముల్లు కదలీ కదలనంత వరకు సౌండ్ కార్డు వాల్యూమ్ తగ్గించాలి. స్పీచ్ ప్రాసెసర్ ఆపేయాలి. స్వరాన్ని 1,500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య ఉంచితే నకళ్లను రేడియో ఫిల్టరే ఆపేస్తుంది.

మిగతా లోపాలు వెతకడానికి ఒక వరస ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్రసార పరీక్షలన్నీ యాంటెన్నా తీసేసి డమ్మీ లోడు మీద మొదలుపెట్టాలి.

తెర మీద వాటర్‌ఫాల్ నల్లగా ఉంటే శబ్దం కంప్యూటర్‌కు చేరడం లేదన్నమాట. యూఎస్‌బీ తీగను వేరే రంధ్రంలో పెట్టినా విండోస్ దాన్ని కొత్త పరికరంగా చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదాని కోసమే ఎదురుచూస్తుంటుంది. ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి ఆగిపోయినా ఇదే ఫలితం.

సంకేతాలు గీతలుగా కనిపిస్తున్నా ఒక్క అక్షరమూ రాకపోతే గడియారం చూడాలి. ఎఫ్‌టీ8 ప్రతి 15 సెకన్లకు ఒక వంతు నడుస్తుంది. కంప్యూటర్ సమయం రెండు మూడు సెకన్లు తప్పితే అంతా వృథా. రేడియో అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

సన్నగా గుయ్యిమనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి బ్యాటరీ మీద నడపాలి. మోత ఆగితే దోషం ఎర్త్ తీగల చక్రానిది. ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఆ చక్రం తెగుతుంది.

ప్రసారం మొదలుపెట్టగానే మౌస్ బిగుసుకుపోవడం, యూఎస్‌బీ తెగిపోవడం మరో రకం జబ్బు. యాంటెన్నా కలిపి, శక్తిని 5 వాట్లకు తగ్గించి చూడాలి. 5 వాట్ల దగ్గర బుద్ధిగా ఉండి 50 దగ్గర పేచీ పెడితే, రేడియో తరంగాలు తీగల వెంట కంప్యూటర్‌లోకి తిరిగొస్తున్నట్టు. ఫెర్రైట్ క్లిప్పులు, పొట్టి తీగలు, యాంటెన్నాను దూరం జరపడం దీనికి మందు.

కంప్యూటర్ గంటలు గాలిలోకి పోతుంటే, ఇంటర్‌ఫేస్‌ను విండోస్ డిఫాల్ట్ స్పీకర్‌గా ఉంచారని అర్థం. ఆ హోదా మామూలు స్పీకర్‌కు తిరిగివ్వాలి.

ఇదంతా కాలక్షేపం వ్యవహారంగా కనిపించొచ్చు. 2004 డిసెంబర్‌లో సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు టెలిఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున సరదా ప్రసారాల కోసం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం, అక్కడి కబుర్లను రేడియో ద్వారా ప్రధాన భూభాగానికి చేరవేసింది. ఇంటర్నెట్ లేని చోటి నుంచి రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ వంటి వ్యవస్థలు కూడా ఇప్పుడు హ్యామ్‌ల చేతిలో ఉన్నాయి. మందుల జాబితా అక్షరం తప్పకుండా వెళ్లాలంటే నోటిమాట కన్నా అదే నయం. దానికీ ఆధారం చాలాచోట్ల ఈ చిన్న పెట్టే.

తుపాను కమ్ముకున్న రాత్రి వాల్యూమ్ ఎంత ఉండాలో వెతుక్కుంటూ కూర్చోవడం కుదరదు. అన్నీ సరిగా నడిచిన రోజే వాల్యూమ్ అంకెలు, పరికరం పేరు, ప్రసార శక్తి ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించాలి. విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ చీటీతో సరిచూసుకోవాలి. ఖర్చు ఒక కాగితం ముక్క, పది నిమిషాలు.