మోటౌన్ కన్నా ముందు

డెట్రాయిట్ పాట అనగానే గుర్తొచ్చేది మోటౌన్. బెర్రీ గోర్డీ 1959లో ఆ కంపెనీ పెట్టడానికి నాలుగేళ్ల ముందే ఆ ఊళ్లో ఫాల్కన్స్ బృందం పుట్టింది. మొదట్లో అందులో నల్లవారు, తెల్లవారు కలిసే పాడారు. 1959లో వారి ‘యూ ఆర్ సో ఫైన్’ అమెరికా పాప్ జాబితాలో 17వ స్థానానికి ఎక్కింది. చర్చి గొంతుతో ప్రేమపాట పాడే ఆ ధోరణికే తర్వాత సోల్ అన్న పేరు స్థిరపడింది.

విల్సన్ పికెట్, ఎడ్డీ ఫ్లాయిడ్, ‘ముస్టాంగ్ సాలీ’ రాసిన మాక్ రైస్ ఈ గూటి పక్షులే. విడివిడిగా వారు తారలయ్యారు. బృందం మాత్రం మరుగునపడింది.

కారణం పాటలో లేదు. మోటౌన్ పుట్టిన ఇల్లు 1985లో మ్యూజియం అయింది. అదే నగరంలో నల్లజాతి క్లబ్బులకు, రికార్డు దుకాణాలకు నెలవైన హేస్టింగ్స్ వీధిని మాత్రం 1950లు, 60లలో ‘పట్టణ పునరుద్ధరణ’ పేరిట కూల్చి, దాని మీదుగా ఫ్రీవే వేశారు. ఇల్లు మిగిలిన పాటకు చరిత్ర మిగిలింది.

రోడ్ల విస్తరణకు మన నగరాల్లోనూ గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడుతూనే ఉంటాయి. పరిహారం లెక్క చదరపు గజాల్లోనే. పాటకు గజాలుండవు.