కంప్యూటర్లో కూలని విమానం

నెల రోజులుగా ఆ ఇంటర్ కుర్రాడు కంప్యూటర్లో విమానం నడుపుతున్నాడు. తలకిందులుగా తిప్పుతాడు. ముక్కు పైకెత్తి గాల్లోనే నిలబెడతాడు. 'ఇక అసలుది కొనిపెట్టు నాన్నా' అంటాడు. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీ చేసే ఆ నాన్న ఓటీ డబ్బులన్నీ తీసి దానికే పోస్తాడు. ఆదివారం పొద్దున్నే సంగారెడ్డి దాటి వెళ్లి విమానాన్ని గాల్లోకి విసిరితే... పది సెకన్లు! ఎడమకి తిప్పబోయి కుడికి తిప్పేశాడు. ముక్కు నేలకు గుచ్చుకుంది. రిమోట్ విమానాల సరదాలో ఇలాంటి ఆదివారాలు మామూలే.

మరి ఆ నెల రోజుల సాధనా దండగేనా? కానే కాదు. పటాన్‌చెరుకు దగ్గర్లోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ పీసీ-7 నేర్చుకునే కేడెట్లకూ సిమ్యులేటర్ శిక్షణ ఉంటుంది. కాకపోతే వాళ్లు విమానంలో కూర్చుంటారు, మనం నేలమీద నిలబడతాం. అసలు చిక్కంతా అక్కడే. విమానం మనకు దూరంగా వెళ్తున్నప్పుడు దాని కుడీ మన కుడీ ఒకటే. వెనక్కి తిరిగి మనవైపు వచ్చిందా, అంతా తారుమారు! దీనికో చిట్కా ఉంది. మీవైపు వస్తున్న విమానం రెక్క ఏ పక్కకు వాలిందో, రిమోట్ పుల్లను అదే పక్కకు నెట్టాలి. రెక్క లేచి సమంగా నిలుస్తుంది. ఆలోచించకుండా వేళ్లు ఆ పని చేసేదాకా సిమ్యులేటర్ మీద కూర్చోవాల్సిందే. అదీ కీబోర్డుతో కాదు, రేపు పొలంలో పట్టుకోబోయే రిమోట్‌నే కంప్యూటర్‌కు తగిలించుకుని. పికాసిమ్ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. రియల్‌ఫ్లైట్‌కు డబ్బు కట్టాలి.

సిమ్యులేటర్ నేర్పలేనివి మూడున్నాయి- గాలి, దూరం, భయం. తెరమీద గాలి ఎంత కావాలంటే అంతే వీస్తుంది. బయట చెట్ల వెనక ఒకలా, మెరకమీద ఒకలా ఉంటుంది. తెరమీద విమానం ఎంత దూరంలో ఉన్నా పెద్దది చేసి చూసుకోవచ్చు. బయట రెండొందల మీటర్లు దాటితే అదో నల్ల చుక్క, ముక్కేదో తోకేదో తెలీదు. ఇక భయం సంగతి సరేసరి. ఒక్క మీట నొక్కితే కొత్త విమానం వచ్చేచోట చెయ్యి వణకదు కదా!

అందుకే విన్యాసాలు మొదలెట్టేవాళ్లకు ఫోమ్ విమానాలు నయం. వీటిలో ఈపీపీ అనే ఫోమ్‌తో చేసినవి మరీ మొండివి. కార్ల బంపర్ల లోపల దెబ్బ తట్టుకోవడానికి పెట్టేదీ ఇదే. థర్మోకోల్‌లా పూసలు పూసలుగా రాలిపోదు, వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. విరిగినా ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్కలతో అక్కడికక్కడే అతుక్కుంటుంది. అదే జిగురు థర్మోకోల్ మీద పడిందో, కరిగి గుంట పడుతుంది. కొనేముందు ఏ ఫోమో అడగడం అందుకే. రెక్కల పొడవు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటే చాలు. అర కిలో అటూ ఇటూ తూగుతుంది. దాని బరువు కన్నా మోటారు లాగే బలం ఎక్కువ. నిట్టనిలువుగా ఎక్కగలిగేది అందువల్లే.

ఈ విమానాల రెక్కల చివర పలకలు చాలా ఎక్కువగా కదులుతాయి. అదే వాటి అందం, కొత్తవాళ్లకు అదే ప్రమాదం. మొదటి వారాల్లో ఆ కదలికను రిమోట్‌లోనే సగానికి తగ్గించి పెట్టుకోవాలి. ఎగరేసే ముందు విమానం వెనక నిలబడి, పుల్ల కుడికి నెడితే కుడి రెక్క పలక పైకి లేస్తోందో లేదో చూసుకోవాలి. ఇది చూడకుండా విసిరి ముక్కలు ఏరుకున్నవాళ్లు ఎందరో! బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరుపుతూ బరువు సరైన చోట నిలిచేలా చూడాలి. తోక బరువెక్కిన విమానం ఎవరి మాటా వినదు. గాల్లోకి లేచాక బాగా ఎత్తుకు తీసుకెళ్లాలి. పొరపాటు చేసి, కంగారులో మరో పొరపాటు చేసినా సర్దుకునే ఎత్తన్నమాట. తలకిందుల విన్యాసాలు ఆ తర్వాతే.

ఎక్కడ ఎగరేయాలన్నది ఈ ప్రాంతంలో పెద్ద ప్రశ్న. ఒకవైపు జాతీయ రహదారి, ఇంకోవైపు కర్మాగారాలు, వాటికొచ్చే హైటెన్షన్ తీగలు. దుండిగల్ విమానాశ్రయం, భానూర్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాల ఫ్యాక్టరీ... వీటి చుట్టుపక్కల ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. కందిలో ఐఐటీ ఆవరణలో 2022 జులైలో ప్రారంభమైన టిహాన్ ప్రయోగశాల ఉందిగానీ, అది మానవరహిత వాహనాల పరిశోధనకు, సరదాకు కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెండు కిలోల లోపు వాటిని వ్యాపారానికి కాకుండా ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ కుదరదు. ఎరుపు, పసుపు మండలాల్లో అనుమతి లేనిదే ఎగరేయకూడదు. ప్రభుత్వం ఆన్‌లైన్లో పెట్టిన గగనతల పటంలో ముందే చూసుకోవాలి. పటంలో పచ్చగా ఉన్నా పొలం రైతుది. ఆయన్ని అడిగి, పత్తికట్టె పీకేశాక వెళ్లడం మర్యాద.

వేళ కూడా ముఖ్యమే. ఆషాఢం గాలుల్లో నేర్చుకోవడం అంటే విమానాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే. చలికాలం పొద్దున, మంచు విడిచాక, ఎండ వీపున పడేలా నిలబడితే హాయి. పిల్లలనూ కుక్కలనూ వెనకే ఉంచాలి. ఫోమ్ మెత్తనిదేగానీ, దాని ముందు తిరిగే ప్రొపెల్లర్ వేలిని చీల్చేస్తుంది.

అమ్మలు గట్టిగా పట్టించుకోవాల్సింది లిపో బ్యాటరీని. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, గుడికెళ్లొద్దు. ఉబ్బినదాన్ని, కూలినప్పుడు నలిగినదాన్ని మళ్లీ వాడొద్దు. వారమంతా పక్కన పెట్టేటప్పుడు నిండుగా కాక ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది. మంచి ఛార్జర్లలో ఆ సదుపాయం ఉంటుంది.

ఇక ముక్కు విరిగిన విమానం సంగతంటారా? ఆదివారం సాయంత్రానికల్లా అతుక్కుంటుంది. సోమవారం కుర్రాడు మళ్లీ సిమ్యులేటర్ ముందు కూర్చుంటాడు. ఈసారి తెరమీద గాలి వేగం పెంచుకుని.