కాలువకు కాలము చెల్లినదా?

ఇంగ్లండు కాలువలపై ఇరుకు పడవలలో విహరించుట ధనికుల వినోదమనియు, దానితో మనకు పని లేదనియు తలచువారు మనలో పలువురు గలరు. రైలు వచ్చిననాడే కాలువకు కాలము చెల్లినదని వారి వాదము. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

ఆ కాలువలను తవ్వినది విహారమునకు గాదు, బొగ్గును మోయుటకు. మధ్య ఇంగ్లండు లాకులలో పెక్కింటి వెడల్పు సుమారు 7 అడుగులే. కావున పడవ అంతకంటె సన్నము, పొడవు మాత్రము 70 అడుగుల వరకు సాగును. రైళ్లును, పిదప లారీలును సరకును లాగికొనినవి. 1948లో జాతీయమైన పిమ్మట పెక్కు కాలువలను విడిచిపెట్టుటకే అధికారులు మొగ్గిరి.

అడ్డుపడినవారు ప్రభువులు గారు, పాఠకులు! టామ్ రోల్ట్ తన పడవ జీవితమును గూర్చి 1944లో ‘నారో బోట్’ అను గ్రంథమును ప్రకటించెను. దానిని చదివి ఆయనను కలిసికొనిన రాబర్ట్ ఐక్మన్ మున్నగువారితో 1946లో జలమార్గముల సంఘము వెలసెను. 1950 ఆగస్టులో ఆ సంఘము తన తొలి ఉత్సవమును లండనులో గాక లెస్టర్‌షైరులోని మార్కెట్ హార్‌బరో అను చిన్న సంతపట్టణమున జరిపెను. నూరుకు పైగా పడవలు చేరినవి. పడవ నడచుచున్న కాలువను మూయుట సులభము గాదని వారెరుగుదురు.

ఆ పట్టణమునకు నేడును పడవపై పోవచ్చును, గంటకు 4 మైళ్లు మించకుండ. దక్షిణమునుండి వచ్చువారికి ఫాక్స్‌టన్ వద్ద 10 లాకులు, ఐదేసి చొప్పున, కొండ ప్రక్కను మెట్లవలె ఎదురగును. 1814లో తెరచిన ఆ లాకులు పడవను 75 అడుగులు దింపును. ఎఱ్ఱ రంగు తూమును ముందుగను, తెల్లదానిని తరువాతను తీయవలెను. వరుస తప్పినచో నీరు గట్టు పొర్లును. ఆ వరుస చెప్పుటకు జీతము పుచ్చుకొనని సేవకులు నిలిచియుందురు. దిగువను లాకులు లేని 5 మైళ్ల పైచిలుకు పాయ పట్టణపు రేవును చేరును. ఊరి నడుమ 1614 నాటి పాఠశాల కొయ్య స్తంభములపై నిలిచియున్నది. దాని క్రింది నీడను పూర్వము వెన్న అమ్మెడివారు. చదువు మీద, సంత క్రింద! ఆ కట్టడమును మేము మెచ్చుకొనకుండ లేము.

ఒక్క మాట దాచరాదు. సరకు పడవలపై పుట్టి పెరిగిన కుటుంబముల వృత్తి నిలువవలెనని రోల్ట్ కోరెను; ప్రతి కాలువయు నిలువవలెనని ఐక్మన్ పట్టుబట్టెను. 1951లో రోల్ట్‌ను సంఘమునుండి వెలివేసిరి. కాలువలు దక్కినవి, ఆ కుటుంబముల వృత్తి దక్కలేదు. విహారమును పొగడువారు ఈ నష్టమునుగూడ లెక్కించవలెను. అయినను నీరు మిగిలినది.

మనకేమి మిగిలినది? చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు బకింగ్‌హాం కాలువ పరాయిది గాదు. 1806 నాటికి ఎన్నూరు వరకు సాగి, క్రమముగా కృష్ణా కాలువలతో కలిసి, తెలుగు జిల్లాల బియ్యమును, వంటచెఱకును నగరమునకు తెచ్చెను. అడయారు, కూవముల నడిమి భాగమును 1876–78 కరవులో ఆకలిగొన్నవారి చేతులు తవ్వినవి. ఆ కాలువ గర్భముననే నగరపు ఎత్తు రైలుమార్గమునకు స్తంభములు పాతిరి, మురుగును విడిచిరి. 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిన కాకినాడ–పుదుచ్చేరి కాలువలలో ఇదియు నొకటి! కాగితముపై జలమార్గము, కంటికి మురుగు.

రైలు వచ్చుటచే కాలువ చచ్చినదనువారు ఫాక్స్‌టన్‌ను ఏమందురు? అక్కడకును రైలు వచ్చినదే. మన సంఘములు భవనములకై, వార్షికోత్సవములకై విన్నపములు వ్రాయుచున్నవి. నూరు పడవలు అక్కరలేదు. ఏటికొక్కమారు, నీరున్న మేర, ఒక్క పడవను నడుపుటకు అనుమతి వేడి ఏ సంఘమైన ఒక్క కాగితము వ్రాసినదా?